పునరుద్ధృత ధారావాహికలు: ప్రేక్షకతృప్తి విచారము

బహుజనప్రీతిపాత్రమై యొకప్పుడు ముగిసిపోయిన టెలివిజను ధారావాహికను పది యిరువదియేండ్ల పిమ్మట మరల నారంభించినయెడల దాని యభిమానులకు తృప్తి కలుగునా యను ప్రశ్న యిటీవల తఱచుగా వినవచ్చుచున్నది. ఇది వినోదపత్రికలకు విడువదగిన విషయమే కాని పరిశోధకులు పట్టించుకొనదగినది కాదని కొందఱు తలంపవచ్చును. నాకట్లు తోపదు. పాత్ర యనునది యెచ్చట నుండును? కవివాక్కునందా, నటునియందా, చూచువాని స్మృతియందా? మన యాలంకారికులు వేయియేండ్లకు పూర్వము చర్చించిన యంశమే యిచ్చట క్రొత్తవేషమున వచ్చినది. కావున దానిని మనకు పరిచితమైన చోటినుండియే విచారించుట మేలు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల యూళ్లలో ధర్మరాజు గుళ్లయొద్దను ద్రౌపదీదేవి గుళ్లయొద్దను జరుగు భారతోత్సవములను ఎఱుగని పండితులు మా సీమలో నుండరు. సాధారణముగా పదునెనిమిది దినములు పగటివేళ హరికథయు రాత్రివేళ వీథినాటకమును జరుగును. అర్జునుడు పాశుపతమునకై తపసుమాను నెక్కునాడు సంతానార్థినులగు స్త్రీలు తడిబట్టలతో మాను చుట్టును సాష్టాంగపడియుందురు. దుర్యోధనవధనాడు నేలపై మట్టితో మలచిన మహాకాయుని తొడను భీముడు గదతో గొట్టును. కథ యెల్లరకును ఎఱుకయే, ప్రతియేడును అదియే. వేషగాండ్రు మాత్రము మాఱుచుందురు. ఒకనాడు భీముడైనవాడు ముదిసి, యీనాడు జనములో గూర్చుండి క్రొత్తభీముని జూచుచుండును. ఐనను “వీడు మా భీముడు కాడు” అని లేచిపోయిన ప్రేక్షకుని నేను చూచియుండలేదు. పాట బాగుగా లేదని గొణిగినవారిని మాత్రము పెక్కుమందిని చూచితిని.

దీనికి కారణము ఆహార్యమునందే గోచరించును. వేషగాని ముఖమును రంగు కప్పివేయును. తలపై కిరీటము, భుజములపై భుజకీర్తులు, ముందొక తెర. తెర వెనుకనుండి ప్రవేశపుదరువు. తెర తీయునప్పటికి ఊరివారెఱిగిన మనుష్యుడు మాయమై భీముడు మిగులును. పాత్ర కిరీటమునందును దరువునందును ఉన్నది. కిరీటము ఒక తలనుండి మఱియొక తలకు పోవచ్చును; దరువు ఒక కంఠమునుండి మఱియొక కంఠమునకు పోవచ్చును. గురుశిష్యక్రమము తెగనంతవఱకు ఇచ్చట పునరుద్ధరణ మనుమాటకే యవకాశము లేదు.

ఇక టెలివిజను సంగతి. తెలుగున నీ ప్రశ్నకు చక్కని యుదాహరణము ‘అమృతము’. గుణ్ణం గంగరాజు నిర్మించిన యీ హాస్యధారావాహిక 2001 నవంబరు మొదలు 2007 నవంబరు వఱకు జెమినీ టెలివిజనులో 300కు పైబడిన భాగములుగా ప్రసారమయ్యెను. అమృతరావు, ఆంజనేయులు అను నిరువురు మిత్రులు, వారు నడుపు భోజనశాల, అందు పనిచేయు సర్వము, ఇంటి యజమాని అప్పాజీ — కథావస్తు వింతియే. ఇందు పండితులు గమనింపదగిన విశేష మొకటి గలదు. నాయకుడైన అమృతరావు పాత్రను ఆ యాఱేండ్లలో శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ అను మువ్వురు వరుసగా ధరించిరి. ఆంజనేయులు పాత్రను మొదటినుండి తుదివఱకు ధరించినవాడు గుండు హనుమంతరావు ఒక్కడే. నాయకుడు మాఱినను ప్రేక్షకులు చూచుట మానలేదు. సిరివెన్నెల సీతారామశాస్త్రి రచించిన ప్రారంభగీతము సయితము నాయకుని గాక ఆంజనేయులునే పేరుపెట్టి పిలుచును. అనగా కృతికి పేరు అమృతరావుదైనను స్థానము ఆంజనేయులుది.

ఈ ధారావాహిక రెండు పర్యాయములు మరల మొలకెత్తినది. 2014లో గంగరాజే ‘అమృతం చందమామలో’ అను చలనచిత్రమును దీసెను. పాత్రల పేర్లవియే; మిత్రులిరువురిని మాత్రము వేఱు నటులు ధరించిరి. ఆ చిత్రము ఆశించిన యాదరణమును పొందలేదు. పిదప 2018 ఫిబ్రవరి 19న గుండు హనుమంతరావు పరమపదించెను. 2020 మార్చి 25న, శార్వరి యుగాదినాడు, ‘అమృతం ద్వితీయం’ జీ5 అను అంతర్జాలవేదికపై నారంభమయ్యెను. హర్షవర్ధన్ అమృతరావుగా మరల వచ్చెను, అప్పాజీగా శివన్నారాయణయు, సర్వముగా వాసు ఇంటూరియు మరల వచ్చిరి, ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరాము వచ్చెను.

పూర్వము నాయకుడు మాఱి మిత్రుడు నిలిచెను; ఇప్పుడు నాయకుడు నిలిచి మిత్రుడు మాఱెను. ఇట్టి విపర్యయము పరీక్షకై యెవరో కల్పించినట్లున్నది. శ్రీరాము తక్కువ నటుడు కాడు. రంగస్థలానుభవము, రచనానుభవము రెండును గలవాడు. ఆయన యభినయమున దోషమెన్నుట నా యుద్దేశము కాదు. ఐనను అప్పాజీ తెరపై గన్పడినప్పుడు కలిగిన ‘వీడే వాడు’ అను ప్రత్యభిజ్ఞ ఆంజనేయులు గన్పడినప్పుడు కలుగలేదు. అప్పాజీ విషయమునను ఆ ప్రత్యభిజ్ఞానందము మొదటి దర్శనములలోనే వ్యయమైపోవును; తరువాత క్రొత్తహాస్యముతో నిలువవలసినదే. పునరుద్ధరణము చేయువారు పలువురు ఆ మొదటి సంతోషమునే తృప్తియని భ్రమింతురు. అది అతిథిసత్కారమున కాళ్లకు నీళ్లిచ్చుట వంటిది. భోజనము వేఱుగా వండవలసియున్నది.

శంకుకుని చిత్రతురగన్యాయ మిచ్చట స్మరింపదగును. చిత్రములోని గుఱ్ఱమును జూచి గుఱ్ఱమనుకొనునట్లు నటుని జూచి సామాజికుడు రాముడని గ్రహించునని శంకుకమతము. ఈ న్యాయము పనిచేయుటకు చిత్రమునకు వెలుపల గుఱ్ఱమొకటి యుండవలయును. రాముడు నటునికంటె పూర్వుడు, భీముడును అట్టివాడే. వారు అనుకార్యులు, వేషగాడు అనుకర్త. ఆంజనేయులుకు అట్టి పూర్వస్థితి లేదు. గుండు హనుమంతరావు ముఖము, ఆయన పలుకులోని జంకు, తెల్లబోయిన చూపు — వీనికి వెలుపల ఆంజనేయులు అనువాడు ఎన్నడును లేడు. అనుకర్తయే అనుకార్యుడైనాడు. ఇక రెండవ నటుడు అనుకరింపవలసినది పాత్రను గాదు, మొదటి నటుని.

దీనిపై నొక యాక్షేపము బలమైనది కలదు. అట్లయిన, వాల్మీకి మొదలు వేయిమంది చెప్పిన రాముని విషయమున నెవరు వేసినను తృప్తి కలుగవలసినదే కదా. కాని యట్లు జరుగలేదు. రామానందసాగరు దూరదర్శనమునకై నిర్మించిన రామాయణము 1987 జనవరి మొదలు 1988 జులై వఱకు ప్రసారమయ్యెను. 2008లో సాగరు సంస్థయే క్రొత్తనటులతో మఱియొక రామాయణమును వేఱొక చానలుపై ప్రసారము చేసెను. 2020 మార్చి 28న, అనగా ‘అమృతం ద్వితీయం’ మొదలైన మూడవనాడు, జనులందఱు ఇండ్లలో బందీలైయున్నవేళ, దూరదర్శనము వెలికిదీసినది 1987 నాటి రామాయణమునే. ఏప్రిలు 16 నాటి ప్రసారమును 7 కోట్ల 70 లక్షలమంది చూచిరని ఆ సంస్థ ప్రకటించుకొనెను. జనులు కోరినది రాముని మాత్రమే గాదు, అరుణ్ గోవిల్ ముఖమున వెలసిన రాముని.

దీనికి సమాధానము మరల మా వీథినాటకమే చెప్పుచున్నది. వీథినాటకమున ప్రేక్షకుడు దూరమునుండి కిరీటమును జూచును. టెలివిజనున ముఖము ఇంటిలోనికి వచ్చి, మూరెడు దూరమున నిలిచి, కనుఱెప్పపాటు సయితము దాచక చూపును. వారమువారము అదే ముఖము. క్రమముగా పురాణపురుషుడును ఆ ముఖమునకు కట్టుబడును. కావున భేదము కథ ప్రాచీనమా నవీనమా యనుటలోనే లేదు. పాత్ర కిరీటమున నున్నదా ముఖమున నున్నదా యనుటలో నున్నది. అమృతరావు మువ్వురి చేతులు మాఱియు నిలిచినాడన్న, అతడు ఒక ముఖమునకు ఘనీభవింపకమున్నే, కథ నడచుచుండగనే మాఱుటచేత. ముగిసిన పిదప పదుమూడేండ్లు స్మృతిలో గట్టిపడిన ముఖము వేఱు. హిందీభాషలో 2000 మొదలు 2008 వఱకు నడచిన ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ని 2025 జులై 29న మరల మొదలిడినప్పుడు నిర్మాతలు తులసి పాత్రకు మరల స్మృతి ఇరానీనే తెచ్చుట ఈ సూక్ష్మ మెఱిగియే యని నా యూహ.

ముఖమే గతియైనచో మృతుడైన నటుని ధారావాహిక యెన్నటికిని లేవదా? లేవవచ్చును, అందులకు ఆంగ్లదేశమునం దొక దృష్టాంతము గలదు. బి.బి.సి. వారి ‘డాక్టర్ హూ’ 1963లో మొదలై 1989లో నిలిచిపోయి 2005లో పునరారంభమై మిక్కిలి యాదరింపబడెను. దాని నాయకుడు లోకాంతరవాసి; మరణావస్థయందు దేహమును మార్చుకొని క్రొత్తముఖముతో లేచును. 1966లో మొదటి నటుడు వైదొలగినప్పుడు కథకులు పన్నిన యుపాయమిది. అనగా వారు టెలివిజనునందే యొక కిరీటమును గల్పించిరి. పునరుద్ధరణమునకు వలయు విత్తనము కృతిలో ముందుగనే నాటబడియుండెను. (విత్తనమనగా గుర్తుకు వచ్చినది: పుంగనూరు పొట్టియావు అంతరించునని భయపడిన కాలమున పలమనేరు పశుపరిశోధనస్థానమువారు ఆ జాతిని నిలుపగలిగిరన్న, కొన్ని పశువులైనను శేషించియుండుటచేతనే.)

మన సాహిత్యమున నిట్టి ఘనవిజయము మఱియొకటి కలదు. నన్నయ విడిచిన ఆరణ్యపర్వశేషమును దాదాపు మూడు శతాబ్దముల పిమ్మట ఎఱ్ఱన పూరించెను. కృతిని రాజరాజనరేంద్రునకే యంకితమొనర్చి, తన పేరును వెనుకకు దీసి, నన్నయ రచించినట్లుగనే నడపెను. పాఠకులు సంతోషించిరి, నేటికిని సంతోషించుచున్నారు. వ్యాసభారతము వెలుపల నిలిచియున్నది. పద్యశైలి కిరీటమువలె ధరింపదగియున్నది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ సంగతి వేఱు. 1924 నాటి మొదటిభాగమునకు తరువాతి భాగములను దశాబ్దముల పిమ్మట ఆయనయే వ్రాసెను. రచయిత యతడే, నాయకు డతడే. ఐనను పార్వతీశమనగా మన విద్యార్థులు నవ్వుచు తలచుకొనునది ఓడయెక్కిన ఆ మొదటి పార్వతీశమునే. పార్వతీశము యొక్క అమాయకత్వమే అతని ముఖము. లోకమెఱిగిన పిమ్మట ఆ ముఖము రచయితకును మరల దొరకలేదు.

కావున అభిమానుల కోరిక రెండువిధములని గ్రహింపవలయును. కథ యింకను నడవవలెనని యొక కోరిక; తాము చూచినదానిని చూచినట్లే మరల చూడవలెనని మఱియొకటి. నోట వచ్చునది మొదటిది. మనసున నుండునది పెక్కుసారులు రెండవది. అందుచేతనే ‘ద్వితీయము’ వచ్చిన తరువాతను ప్రాత ‘అమృతము’ భాగములను అంతర్జాలమున జనులు చూచుచునే యున్నారు. ఆ రెండవకోరికను తీర్చునది పునరుద్ధరణము గాదు, భద్రపఱచుట. ‘డాక్టర్ హూ’ ప్రాతభాగములలో తొంబదికి పైగా నశించినవి; ఆనాటి పద్ధతి ననుసరించి టేపులను తుడిచి మరల వాడుకొనుటయే దానికి ముఖ్యకారణము. 2005 నాటి విజయము ఆ నష్టమును పూరింపలేదు. వానికై యభిమానులు నేటికిని వెదకుచున్నారు.

మా ప్రాంతమున భారతోత్సవములను ఇప్పుడు సెల్లుఫోనులతో చిత్రించుచున్నారు. మంచిదే. కాని వేషగాని చిత్రము నిలుచుటకంటె దరువు నేర్చినవాడు నిలుచుట వీథినాటకమునకు ముఖ్యము. ధారావాహికకు ప్రాతటేపు నిలుచుట ముఖ్యము. ఒకదాని మందు నింకొకదానికి వేయుచున్నారేమో యని నాకు శంక. ఏయే యూళ్లలో ఎన్ని రాత్రుల నాటకములు మిగిలినవో, వేషగాండ్రలో శిష్యులుగలవా రెందఱో మదనపల్లె, పుంగనూరు, కుప్పము పాఠశాలల పండితులు తమతమ యూళ్లవఱకు వ్రాసియుంచినయెడల, ఏ కిరీటము లింకను తలపైకెక్కుచున్నవో, ఏవి గుడిలోని పెట్టెలకు జేరినవో తెలియగలదు.