చుక్కలు వేయించాం కదా, మళ్లీ పోలియో ఇంజెక్షన్ ఎందుకు?

ఈరోజు టాపిక్ వినడానికి చిన్నదే. కానీ మన పాతబస్తీలో చాలా ఇళ్లకు పనికొచ్చేది. అన్నయ్య అమెరికాలో సిటిజన్ అయ్యాడు, లేదంటే నాన్న అక్కడ గ్రీన్ కార్డ్ మీద ఉన్నారు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ డేట్ వచ్చేసింది. దానికి ముందు మెడికల్‌కి వెళ్తే, డాక్టర్ గారు పిల్లల టీకా కార్డు చూసి, "పోలియో డోసులు సరిపోవు" అంటారు. ఇంట్లో అందరికీ ఒకటే డౌట్: పల్స్ పోలియో వచ్చిన ప్రతిసారీ చుక్కలు వేయించాం కదా, ఇంకేం కావాలి?

ముందు ఒక మాట క్లియర్‌గా చెప్పుకుందాం. ఆ చుక్కలు వేస్ట్ కాలేదు. మన దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో వచ్చింది. 2014 మార్చి 27న మనం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహితం అని సర్టిఫికెట్ దొరికింది. అది ఆ చుక్కల వల్లే. కానీ పిల్లలకు రక్షణ దొరకడం వేరు, అమెరికా వాళ్ల కాగితంలో లెక్కకు రావడం వేరు. ఈ తేడా తెలియకే చాలామంది టెన్షన్ పడతారు.

ఇంతకీ ఈ రూల్ ఎవరికి? ఇమిగ్రెంట్ వీసాకు, అంటే గ్రీన్ కార్డ్ మీద శాశ్వతంగా వెళ్లేవాళ్లకు. 1996లో అక్కడి చట్టం మార్చి, వాళ్లకు కొన్ని టీకాలు తప్పనిసరి చేశారు. ఆ చట్టంలో పేరు పెట్టి రాసిన జబ్బుల్లో పోలియో ఒకటి. టూరిస్ట్ వీసా, స్టూడెంట్ వీసా, హెచ్1బీ లాంటివాటికి ఈ మెడికల్ మామూలుగా ఉండదు. కాకపోతే స్టూడెంట్స్‌ని యూనివర్సిటీ వాళ్లు సొంతంగా టీకాలు అడుగుతారు, అది వేరే సంగతి. హజ్‌కి వెళ్లే పెద్దవాళ్లకు క్యాంపులో వేసే పోలియో చుక్కలు కూడా వేరే సంగతే. దాన్నీ దీన్నీ కలపకండి.

ఇప్పుడు అసలు పాయింట్. 2016 ఏప్రిల్ 1 అనే తేదీని గుర్తుపెట్టుకోండి.

పోలియో వైరస్‌లో మూడు రకాలున్నాయి: టైప్ 1, 2, 3. పాత చుక్కల మందులో మూడింటికీ రక్షణ ఉండేది. టైప్ 2 వైల్డ్ వైరస్ ప్రపంచంలో పూర్తిగా పోయిందని 2015లో ప్రకటించారు. చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. టీకాలు సరిగ్గా అందని చోట్ల అది ఒకరి నుంచి ఒకరికి పాకుతూ, మారి, అరుదుగా మళ్లీ జబ్బు తెచ్చే రకంగా తయారవుతుంది. ఇలాంటి కేసుల్లో ఎక్కువ భాగం టైప్ 2వే. అందుకని 2016 ఏప్రిల్‌లో ప్రపంచమంతా చుక్కల మందులోంచి టైప్ 2 తీసేసింది. మన దేశంలో అది ఏప్రిల్ 25న జరిగింది. అప్పటి నుంచి చుక్కలు టైప్ 1, 3కే. టైప్ 2 రక్షణ ఇంజెక్షన్ నుంచి రావాలి.

అందుకే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ఇలా ఉంటుంది. 2016 ఏప్రిల్ 1కి ముందు రొటీన్‌గా వేసి, తేదీతో కార్డులో రాసిన చుక్కలు లెక్కలోకి వస్తాయి. ఆ తేదీ నుంచి వేసినవి రావు. పల్స్ పోలియో లాంటి ప్రచారంలో వేసినవని రాసి ఉంటే, పాతవైనా రావు. చిటికెన వేలి మీద మార్కర్ గుర్తు వారంలో చెరిగిపోతుంది కదా, అమ్మ నోటిమాట కూడా అక్కడ రుజువు కాదు. రాసి ఉన్న తేదీ కావాలి.

"టైప్ 2 ఎప్పుడో పోయింది కదా, ఇంత పట్టింపెందుకు?" అంటారా? ఎక్కడో కాదు, మన హైదరాబాద్‌లోనే 2016 మే నెలలో తీసిన మురుగునీటి శాంపిల్‌లో మారిన టైప్ 2 వైరస్ కనిపించింది. జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో స్పెషల్ డ్రైవ్ పెట్టి, సుమారు 3 లక్షల మంది చిన్నపిల్లలకు ఇంజెక్షన్ వేశారు. 2022లో అమెరికాలోనే, న్యూయార్క్ రాష్ట్రంలో, టీకా వేయించుకోని ఒక యువకుడికి ఈ టైప్ 2 వల్ల పక్షవాతం వచ్చింది.

సరే, ఒక ఉదాహరణ చూద్దాం. యాకుత్‌పురాలో ఒక ఫ్యామిలీ అనుకోండి. అమ్మాయి 2011లో పుట్టింది, బాబు 2018లో పుట్టాడు. అమ్మాయి కార్డులో పుట్టినప్పటి నుంచి ఏడాదిన్నర దాకా వేసిన చుక్కల తేదీలున్నాయి. అవి పనికొస్తాయి. కానీ నాలుగేళ్లు నిండాక ఒక డోసు ఉండాలనేది అక్కడి లెక్క, కాబట్టి ఒక ఇంజెక్షన్ అడగొచ్చు. బాబుకు వేసినవన్నీ 2016 తర్వాతి చుక్కలు. ఒక్కటీ లెక్కకు రాదు. అతనికి ఇంజెక్షన్ డోసులే చూస్తారు.

ఇక్కడ కార్డు చదవడంలో ఒక తికమక ఉంది. ప్రభుత్వ కార్డులో "పెంటావాలెంట్" అని ఉంటే అందులో పోలియో లేదు. ప్రైవేట్‌లో వేసే "పెంటాక్సిమ్", "హెక్సాక్సిమ్"లో పోలియో ఇంజెక్షన్ కలిసే ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని కన్‌ఫ్యూజ్ అవ్వొద్దు. ప్రభుత్వ కేంద్రాల్లో వేసే "ఎఫ్ఐపీవీ" అంటే మామూలు మోతాదులో ఐదో వంతు, చర్మం పొరలో వేస్తారు. దాన్ని చూసి పానెల్ డాక్టర్ ఫుల్ డోసు వేయించుకోమంటే కంగారు పడకండి. అదనపు డోసుతో నష్టం లేదు.

ఇంకో భయం: "అన్ని డోసులూ పూర్తయ్యేదాకా వీసా ఆగిపోతుందా?" మామూలుగా ఆగదు. ఒక్కో డోసుకు మధ్య కనీసం 4 వారాలు కావాలి కాబట్టి, ఆ రోజుకు కావాల్సిన డోసు వేయించుకుంటే, మిగతా వాటికి ఇంకా టైమ్ కాలేదని డాక్టర్ ఫామ్‌లో రాస్తారు. అలా రాయడానికి రూల్స్‌లోనే వీలుంది.

ఒక్క పని మాత్రం అస్సలు చేయొద్దు. "మా దోస్త్ క్లినిక్‌లో వెనకటి తేదీలేసి కార్డు ఇస్తాడు" అని ఎవరైనా అంటే దూరంగా ఉండండి. ఒక ఇంజెక్షన్ తప్పించుకోవడానికి దొంగ కాగితం పెట్టి దొరికిపోతే, మోసం కింద జీవితాంతం అమెరికా వీసా రాకుండా పోయే ప్రమాదం ఉంది. పన్నెండేళ్లు వెయిట్ చేసి, ఒక్క ముద్ర కోసం అంతా పోగొట్టుకుంటారా?

కాబట్టి ఇంటర్వ్యూ డేట్ వచ్చేదాకా ఆగకుండా కార్డులు బయటకు తీయండి. "బేబీ ఆఫ్" అని తల్లి పేరే ఉంటే, ఆసుపత్రిలో అడిగి పిల్లల పాస్‌పోర్ట్ పేరుతో రాయించుకోండి. కార్డు పోతే, టీకా వేసిన హెల్త్ సెంటర్ రిజిస్టర్‌లో అడగండి. ఈమధ్య పుట్టిన పిల్లలైతే యూ-విన్‌లో చూడండి. లోటున్న డోసులు ముందే మీ పిల్లల డాక్టర్ దగ్గర వేయించి, తేదీ, సంతకం, ముద్ర తీసుకోండి. ఫైనల్ మెడికల్ మాత్రం అమెరికా కాన్సులేట్ లిస్ట్‌లో ఉన్న పానెల్ డాక్టర్ దగ్గరే. టీకాల లిస్ట్ మారుతుంటుంది. 2021లో కొవిడ్ టీకా చేర్చారు, 2025లో తీసేశారు. అందుకే వెళ్లేముందు సీడీసీ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

చివరిగా, అమెరికా లెక్కలోకి రావని పల్స్ పోలియో చుక్కలు మానేయకండి. వీసా కాగితం ఒక్కసారి పని. పోలియో వస్తే కాలు జీవితాంతం తిరిగి రాదు. ఈ ఎపిసోడ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి, ముఖ్యంగా ఫైల్ నడుస్తున్న చుట్టాలకు. డౌట్లుంటే కామెంట్ చేయండి.