గంటకు వంద డాలర్ల లెక్కలో తప్పిపోయినవి

అమెరికాలో మసాజ్ థెరపిస్ట్ సంపాదన గురించి వినిపించే లెక్క చాలా తేలిగ్గా ఉంటుంది. గంటకు వంద డాలర్లు, రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఐదు రోజులు. ఏడాది తిరిగేసరికి రెండు లక్షల డాలర్లు. డిగ్రీ అక్కర్లేదట, ఆరు నెలల కోర్సు చాలట, లైసెన్సంటే ఫీజు కడితే వచ్చే కాగితమట. ఇదే చర్చలో ఇంకో మాట కూడా వస్తుంది: అది పరువైన పని కాదు, చదువుకున్నవాళ్లు చేసేది కాదు అని. ఒకటి ఆశ, ఇంకొకటి ఈసడింపు. రెండింటికీ వేరు మాత్రం ఒక్కటే: ఈ పనిలో నేర్చుకోవలసింది పెద్దగా ఏమీ లేదు, చేతుల్లో సత్తువ ఉంటే సరిపోతుంది అన్న నమ్మకం. ఆ నమ్మకం తప్పు. దాని మీద కట్టిన ప్రతి లెక్కా, అది శిక్షణ గురించి కానివ్వండి, లైసెన్సు గురించి, డబ్బు గురించి కానివ్వండి, తప్పుతోంది. ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లకు దాని వల్ల నిజమైన నష్టం జరుగుతోంది.

ముందు డబ్బు సంగతే చూద్దాం. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో 2024 మే నెలకు చెప్పిన మధ్యస్థ వార్షిక వేతనం 57,950 డాలర్లు. అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ, సగం మంది తక్కువ సంపాదిస్తున్నారని అర్థం. టిప్పులు కూడా ఇందులో కలిసే ఉంటాయి. రెండు లక్షల కలకు ఇదే పెద్ద దెబ్బ అనుకుంటాం గానీ, అసలు విషయం ఇంకా లోపల ఉంది. బ్యూరో సర్వేలో వార్షిక వేతనాన్ని లెక్కగట్టే పద్ధతి ఏమిటంటే, గంట వేతనాన్ని 2,080తో, అంటే వారానికి 40 గంటల చొప్పున 52 వారాలతో గుణించడం. గంటకు దాదాపు 28 డాలర్లు అన్నది అక్కడ నిజంగా కొలిచిన అంకె. 57,950 అన్నది ఏడాదంతా వారానికి 40 గంటలు పని దొరికితే, చేయగలిగితే వచ్చే అంకె. ఈ వృత్తిలో చాలామంది పార్ట్‌టైమ్‌గా పనిచేస్తారని, రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఐదు రోజులు మసాజ్ చేయడం చాలామంది శరీరాలకు సాధ్యం కాదని అదే బ్యూరో తన వృత్తుల మార్గదర్శినిలో రాస్తుంది. వారానికి 25 గంటలకు మాత్రమే జీతం వచ్చే మనిషికి అదే గంట రేటు మీద ఏడాదికి వచ్చేది సుమారు 36 వేల డాలర్లు. మసాజ్ స్కూళ్ల ప్రకటనల్లో మొదటి అంకె కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

దీనికి వెంటనే వచ్చే ప్రశ్న: అది జీతానికి పనిచేసేవాళ్ల సంగతి, సొంతంగా గది పెట్టుకుంటే వందకు వంద మనదే కదా? ప్రశ్న సమంజసమైనదే. ఆ సర్వేలో స్వయం ఉపాధివాళ్ల లెక్క ఉండదు కూడా. కాబట్టి కాగితం మీద వేసి చూద్దాం. వారానికి 20 మంది క్లయింట్లు, తలకు వంద డాలర్లు, ఏడాదికి 48 వారాలు అనుకుంటే 96 వేలు. గది అద్దె, దుప్పట్లు, వాటి లాండ్రీ, నూనెలు, బాధ్యతా బీమా, కార్డు చార్జీలు, బుకింగ్ సాఫ్ట్‌వేర్, చెప్పకుండా రాకుండా పోయే క్లయింట్లు, వీటన్నిటికీ మూడో వంతు పోతుందనుకుంటే 64 వేలు మిగులుతుంది. జీతగాడికైతే యజమాని సగం భరించే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నును స్వయం ఉపాధిలో ఉన్నవాళ్లు మొత్తం తామే కట్టాలి, అది 15.3 శాతం. ఆ పన్ను కింద సుమారు తొమ్మిది వేలు తీసేస్తే దాదాపు 55 వేలు. ఆదాయపు పన్ను, ఆరోగ్య బీమా ఇంకా మొదలే కాలేదు. మూడో వంతు ఖర్చన్నది నా అంచనా, ఊరిని బట్టి అటూ ఇటూ అవుతుంది. గౌరవంగా బతకదగిన ఆదాయమే ఇది. కానీ ఆ 20 మంది మొదటి వారంలోనే రారు, మళ్లీ మళ్లీ వచ్చే క్లయింట్లు కుదురుకోవడానికి నెలలు పడుతుంది, చాలామందికి ఏడాది దాటుతుంది. చెయిన్ స్పాల్లో చేరితే క్లయింట్ల కోసం వెతుక్కోనక్కర్లేదు గానీ, క్లయింట్ కట్టిన దాంట్లో చిన్న భాగమే చేతికొస్తుంది. అక్కడ గంట సెషన్ అంటే సాధారణంగా చేతులు ఒంటి మీద ఉండేది 50 నిమిషాలు. మిగతా పదిలో ఒకరు లేచి బట్టలు వేసుకోవాలి, పక్క దుప్పట్లు మారాలి, ఇంకొకరితో మాట్లాడి వాళ్ల నొప్పి ఎక్కడో తెలుసుకోవాలి.

మరి 20 గంటలే ఎందుకు, 40 ఎందుకు కాదు? ఒళ్లు దాచుకునే మనుషులు కాబట్టి కాదు. బొటనవేలి మొదటి కీలు, మణికట్టు, భుజం, నడుము, ఇవి అరిగే పని ఇది. కొత్తగా వచ్చినవాళ్లు బొటనవేళ్లతో గట్టిగా అదుముతారు. క్లయింటుకు హాయిగా ఉంటుంది, థెరపిస్ట్ కీలు పాడవుతుంది. బాగా నేర్చుకున్న థెరపిస్ట్ పని చూస్తే తేడా కళ్లకు కడుతుంది. బల్ల ఎత్తు ముందు సరిచూసుకుంటారు: పక్కన నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే వేళ్ల కణుపులు పరుపు అంచుకు తగలాలి. ఒక పాదం ముందుకు, ఒకటి వెనక్కు వేసి, తమ బరువును నడుము నుంచి ముందుకు వాల్చుతారు. నొక్కేది వేళ్లు కాదు, ముంజేయి. అంటే ఒత్తిడి కండ బలంలోంచి కాకుండా శరీరం బరువులోంచి వస్తుంది. ఇది తెలిసినవాళ్లు ఇరవై ఏళ్లు పనిచేస్తారు, తెలియనివాళ్లు కొద్ది ఏళ్లకే మణికట్టుకు పట్టీ కట్టుకుని వేరే ఉద్యోగం వెతుక్కుంటారు. కాబట్టి సంపాదన లెక్క వేసేటప్పుడు గంట రేటు కన్నా ముందు అడగవలసింది ఈ చేతులు ఎన్నేళ్లు నిలుస్తాయన్నది. దానికి జవాబు శిక్షణలో ఉంది.

శిక్షణ నామమాత్రమే అన్నది రెండో అపోహ. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సస్ రాష్ట్రాన్నే తీసుకుందాం. అక్కడ కనీసం 500 గంటలు చదవాలి. ఆ గంటల పంపకం చూస్తే చట్టం ఈ పనిని ఎలా చూస్తోందో అర్థమవుతుంది. మసాజ్ పద్ధతులకు 200 గంటలు, అందులో 125 స్వీడిష్ మసాజ్‌కే. శరీర నిర్మాణానికి 50, శరీర ధర్మాలకు 25, కండరాల కదలికల శాస్త్రానికి 50, వ్యాధుల గురించి 40, నీటి చికిత్సకు 20, చట్టాలు, వ్యాపారం, వృత్తి నీతికి 45, పరిశుభ్రత, ప్రథమ చికిత్సకు 20, ఇంటర్న్‌షిప్‌కు 50. చేయి తిరగడానికి ఎంత సమయమో, తల పనిచేయడానికీ దాదాపు అంత. ఆ తరువాత లైసెన్సు కోసం రాసే ఎంబీలెక్స్ పరీక్షలో 110 నిమిషాల్లో వంద ప్రశ్నలు. అందులో ఒక్కదానికీ చేయి కదపనక్కర్లేదు. ఎవరికి ఏ పరిస్థితిలో మసాజ్ చేయకూడదు, ఏ మందు వాడేవాళ్లతో జాగ్రత్తగా ఉండాలి, హద్దులు ఎక్కడ గీయాలి వంటివి అడుగుతారు.

మా ఊళ్లో మంగలి మాలిష్ చేసేవాడు, మంత్రసాని బాలింతకు నూనె రాసి ఒళ్లు పట్టేది, వాళ్లెవరూ 500 గంటలు చదవలేదు కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, వాళ్ల చేతుల్లో తరాల విద్య ఉంది, దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ వాళ్లు కూడా ఊరికే రాలేదు, ఏళ్ల తరబడి పెద్దల పక్కన నిలబడి నేర్చుకున్నారు. తాము ఒళ్లు పట్టే ప్రతి ఇంటి మనిషినీ పుట్టినప్పటి నుంచి ఎరుగుదురు. నగరంలో బల్ల మీద పడుకునే మనిషి పూర్తిగా కొత్తవాడు. నిన్ననే పదిహేను గంటలు విమానంలో కూర్చుని వచ్చి, పిక్క పట్టేసింది, గట్టిగా నొక్కండి అంటాడు. ఒక కాలే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే అది మామూలు కండరాల నొప్పి కాకపోవచ్చు, లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నొక్కితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే ప్రాణానికే ముప్పు. అక్కడ మంచి థెరపిస్ట్ చేసే పని చేతులు వెనక్కు తీసుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి పంపడం. ఆ సెషన్ డబ్బు పోతుంది. అయినా శిక్షణకు అసలు విలువ ఆ నిమిషంలోనే ఉంది.

మసాజ్ ఏం చేస్తుందన్న దాని మీద కూడా ఈ రంగం లోపలే కొన్ని అపోహలున్నాయి, వాటిని దాచడం మంచిది కాదు. ఒంట్లోని విషపదార్థాలు బయటికి పోతాయన్న మాటకు ఆధారం లేదు, ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేసుకుంటాయి. కండరాల్లోని లాక్టిక్ ఆమ్లాన్ని మసాజ్ కడిగేస్తుందన్నదీ అంతే. కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగంలో, వ్యాయామం తరువాత మసాజ్ చేస్తే రక్త ప్రసరణకు అడ్డుపడి ఆమ్లం తొలగడం ఇంకా మందగించింది. 2012లో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ బృందం పదకొండు మంది యువకుల మీద చేసిన చిన్న అధ్యయనంలో లాక్టేట్‌లో తేడా కనిపించలేదు గానీ, కండరంలో వాపుకు సంబంధించిన సంకేతాలు తగ్గాయి. నడుం నొప్పి విషయంలో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాలు, కొత్తగా వచ్చిన నొప్పికి మందుల కన్నా ముందు ప్రయత్నించదగిన వాటిలో మసాజ్‌ను చేర్చాయి, దానికున్న ఆధారాల నాణ్యత తక్కువని చెబుతూనే. 2015 కాక్రేన్ సమీక్ష అయితే మసాజ్ నడుం నొప్పికి చికిత్సగా పనిచేస్తుందనడానికి తమకు నమ్మకం చాలా తక్కువని తేల్చింది. అలాంటప్పుడు దీన్ని ఆరోగ్య వృత్తి అనడమెందుకు అని అడగవచ్చు. టెక్సస్ చట్టమే జవాబిస్తుంది: చికిత్సా ప్రయోజనం కోసం చేసే మసాజ్ ఆరోగ్య సేవే, కానీ రోగ నిర్ధారణ, రోగ చికిత్స దాని కిందికి రావు. కొంత ఉపశమనం, కొంత నిద్ర, కొంత సడలింపు ఇవ్వగలం అని చెప్పి అంతటితో ఆగే థెరపిస్టును నమ్మవచ్చు. డిస్కు సరిచేస్తాననేవారిని నమ్మకూడదు.

లైసెన్సు ఉత్త కాగితం అన్న మాట మీద నిజమైన వాదన ఒకటుంది. లైసెన్సులు కొత్తవాళ్లను, ముఖ్యంగా పేదలను, వలస వచ్చినవాళ్లను బయటే ఆపేస్తాయన్నది ఆ వాదన. 2015లో వైట్‌హౌస్ వెలువరించిన నివేదిక కూడా, అమెరికా ఉద్యోగుల్లో నాలుగో వంతు మందికి పైగా ఏదో ఒక లైసెన్సు అవసరమవుతోందని, రాష్ట్రాల మధ్య పొంతన లేదని చెప్పింది. మసాజ్ విషయంలో ఈ విమర్శలో బలం ఉంది. న్యూయార్క్‌లో 1,000 గంటలు కావాలి, టెక్సస్, ఫ్లోరిడాల్లో 500 చాలు. కాలిఫోర్నియాలో రాష్ట్ర స్థాయి ధ్రువపత్రం ఐచ్ఛికం, నగరాలు తమ నిబంధనలు తాము పెట్టుకుంటాయి. కాన్సస్, వయోమింగ్‌లలో రాష్ట్ర లైసెన్సే లేదు. మనిషి శరీరం రాష్ట్రం దాటితే మారదు కాబట్టి వెయ్యికి, ఐదు వందలకు మధ్య ఉన్న తేడాను సమర్థించడం కష్టం. అయినా లైసెన్సే వద్దనడం వేరు. వేలిముద్రలతో నేర చరిత్ర పరిశీలన, ప్రకటనలో లైసెన్సు నంబరు, ఫిర్యాదు చేయడానికి ఒక చోటు, ఇవి లేని చోట నష్టపోయేది క్లయింట్ ఒక్కరే కాదు. తలుపు మూసిన గదిలో ఒంటరిగా పనిచేసే థెరపిస్ట్, ఎక్కువగా ఆడమనిషి, తప్పుడు కోరికతో వచ్చినవాడిని బయటికి పంపగలగడానికి వెనక ఒక చట్టం నిలబడాలి. టెక్సస్‌లో మసాజ్ కేంద్రాలు మానవ అక్రమ రవాణా బాధితుల కోసం సహాయ నంబరున్న బోర్డు పెట్టాలన్న నిబంధన ఆ భయంలోంచి వచ్చిందే. 2021 మార్చి 16న అట్లాంటా ప్రాంతంలో మూడు స్పాలపై జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు, వారిలో ఆరుగురు ఆసియా మూలాల మహిళలు. ఈ వృత్తిని పరువు తక్కువదని చూడటం ఎంత దూరం వెళ్లగలదో ఆలోచించవలసిన వాళ్లలో మనమూ ఉన్నాం. పరువు మాటకొస్తే, ఒహాయోలో 1915 నుంచే రాష్ట్ర మెడికల్ బోర్డు పరిధిలో ఉన్న వృత్తి ఇది.

మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలే చిక్కులు కొన్ని. అభ్యంగనం చేస్తాం, మసాజ్ కాదు కాబట్టి లైసెన్సు అక్కర్లేదనుకుంటే టెక్సస్‌లో కుదరదు. డబ్బు తీసుకుని ఒంటిని నిమరడం, పిసకడం, నొక్కడం చేస్తే పేరేదైనా చట్టం దాన్ని మసాజ్ అనే అంటుంది. విజయవాడలోనో వరంగల్‌లోనో చదివిన ఫిజియోథెరపీ డిగ్రీ, ఆయుర్వేద డిగ్రీ అక్కడ దానంతట అది లైసెన్సుగా మారదు. ఫిజికల్ థెరపిస్ట్ కావాలంటే చదువు మూల్యాంకనం, జాతీయ పరీక్ష, రాష్ట్ర లైసెన్సు అన్నది వేరే దారి. ఆయుర్వేద వైద్యానికి ఏ రాష్ట్రంలోనూ వైద్య లైసెన్సు లేదు. హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లు కోర్సు చదవవచ్చు, పరీక్ష రాయవచ్చు, కానీ పని చేయడానికి ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఉండాలి. ఆ కార్డు 2015 నుంచి కొందరు హెచ్-4 భార్యాభర్తలకే దొరుకుతోంది. సొంత క్లయింట్ల దగ్గర నగదు తీసుకోవడం కూడా పని కిందికే వస్తుంది, వీసాకు ముప్పు తెస్తుంది. ఉద్యోగం మారిన భర్త వెంటో భార్య వెంటో రాష్ట్రాలు మారే కుటుంబాలకు ఇంకో సంగతి ముఖ్యం: ఒక రాష్ట్రం లైసెన్సు మరో రాష్ట్రంలో చెల్లేలా రాష్ట్రాల మధ్య ఒప్పందం ఒకటి రూపుదిద్దుకుంది, 2023లో నెవాడా అందులో మొదట చేరింది. ఆ ఒప్పందం అడిగేది 625 గంటల చదువు లేదా దానికి సమానమైన అర్హత. టెక్సస్‌లో సరిగ్గా 500 దగ్గర ఆపేసే కోర్సుకు ఫీజు కట్టబోయే ముందు, ఆ పై 125 గంటలు కూడా ఇక్కడే చదవవచ్చా, ఎంతవుతుంది అని స్కూలు వాళ్లను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.