గొర్రెల కృత్రిమ గర్భధారణ: చల్లని వీర్యానికి ఒక రోజే గడువు

ఆవులు, గేదెలకు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో గడ్డకట్టించిన వీర్యాన్ని వాడటం దేశమంతటా తెలిసిన పద్ధతే. గొర్రెల్లో అది అంతగా ఫలించదు. గొర్రె గర్భాశయ ముఖద్వారం మెలికలు తిరిగి ఉంటుంది. వీర్యాన్ని ద్వారం వద్దే వదలవలసి వస్తుంది. గడ్డకట్టి కరిగిన శుక్రకణాలలో అక్కడి నుంచి లోనికి చేరేవి తక్కువ. అందుకే రాజస్థాన్‌లోని అవికానగర్‌లో గల కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ చల్లబరచిన పొట్టేలు వీర్యంతో గర్భధారణ పద్ధతిని అభివృద్ధి చేసింది.

ఈ వీర్యాన్ని సుమారు 5 డిగ్రీల సెల్సియస్ వద్ద నిల్వ చేస్తారు. ఒక్కసారిగా చల్లబరిస్తే శుక్రకణం పొరలోని కొవ్వులు బిగుసుకుని పొర దెబ్బతింటుంది. కనుక గుడ్డు పచ్చసొన లేదా పాలు కలిసిన ద్రావణాన్ని చేర్చి, గంటన్నర నుంచి రెండు గంటలపాటు నెమ్మదిగా చల్లబరుస్తారు. సూక్ష్మజీవులు పెరగకుండా యాంటీబయోటిక్ కూడా కలుపుతారు.

ఇంత చేసినా శుక్రకణాల జీవక్రియ మందగిస్తుందే తప్ప ఆగదు. ఆక్సీకరణ వల్ల పొర క్రమంగా క్షీణిస్తుంది. సూక్ష్మదర్శినిలో చురుకుగా కదిలే కణాలన్నీ గర్భం నిలపలేవు. చలనం కంటే ముందే ఫలదీకరణ శక్తి తగ్గుతుంది. కాబట్టి ఒక రోజులోపే వాడటం మేలు. మందకు తీసుకువెళ్లేటప్పుడు గొట్టాలకు మంచుగడ్డలు నేరుగా తగలకూడదు. అదను తప్పితే గొర్రె మళ్లీ ఎదకు రావడానికి సుమారు 17 రోజులు పడుతుంది.