మతి స్థిమితం అంటే?

మతి స్థిమితం అంటే ఎప్పుడూ నవ్వుతూ ఉండడం కాదు. కోపం, దుఃఖం, భయం లేకపోవడమూ కాదు. రోజువారీ ఒత్తిళ్లను తట్టుకుంటూ, తన పని తాను చేసుకుంటూ, పదిమందికి ఉపయోగపడగలగడమే మానసిక ఆరోగ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పెద్దపల్లి జిల్లాలో ఈ ఒత్తిళ్లు తక్కువేమీ కావు. గోదావరిఖని బొగ్గుగనుల్లో షిఫ్టు మారినప్పుడల్లా కార్మికుడి నిద్ర వేళ మారుతుంది. నిద్ర చాలకపోతే చిరాకు పెరుగుతుంది, ఏకాగ్రత తగ్గుతుంది. పత్తి రైతుకు వాన, అప్పు, మార్కెట్ ధర అన్నీ దిగులే. ఇలాంటప్పుడు నిద్రను కాపాడుకోవడం, ఇంట్లోవాళ్లతో మనసు విప్పి మాట్లాడడం, కోపం మీద ఏ నిర్ణయమూ తీసుకోకపోవడం వివేకం.

ఊరి కట్టుబాటుకు భిన్నంగా నడిచినవారిని పిచ్చివారనడం తప్పు. సామాజిక, ఆర్థిక స్థితిని బట్టి, మతాన్ని బట్టి, రాజకీయాలను బట్టి మానసిక జబ్బును నిర్ణయించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. జబ్బు ఉన్నంత మాత్రాన, చికిత్సపై నిర్ణయించుకునే శక్తి లేదని అనుకోకూడదు.

వారాల తరబడి నిద్ర, ఆకలి చెడితే, చనిపోవాలన్న ఆలోచన వస్తే బాణామతి అనుకొని కాలయాపన చేయకుండా డాక్టరును కలవాలి. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. సాయం అడగడమూ వివేకమే.