క్రొత్త పెండ్లివారికి ఒక సంవత్సరం



మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం వారికి దీవి అంటే తెలియనిది కాదు. మన యువకులు బ్రతుకుదెరువు కోసం వెళ్ళే బహ్రెయిన్ దేశం సముద్రం మధ్యనున్న దీవులే. అయితే ఆ దీవికి మన మగవారు ఎక్కువగా ఒంటరిగానే వెళ్తారు. భర్త అక్కడ, భార్య ఇక్కడ. అందుచేత మా సంఘంలోని ఒక యువకుడు నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, పెండ్లయినంక అమ్మాయిని తీసుకొని ఐదు దినాలు అండమాన్ దీవులకు పోదామనుకుంటున్న, ప్రార్థన చేయండి" అన్నప్పుడు నేను ఆశ్చర్యపోయాను. నిజం చెప్పాలంటే, నాకు ఆ మాట నచ్చలేదు.

ఆ అబ్బాయి ఇల్లు కోరుట్లలో. బహ్రెయిన్‌లో ఏసీ మెకానిక్ పని. రెండేండ్లకొకసారి రెండు నెలల సెలవు. ఆ సెలవులోనే పెండ్లి కావాలి, ఇంటి కప్పు బాగు కావాలి, చుట్టాలందరినీ చూడాలి. అమ్మాయిది సిరిసిల్ల. తండ్రి సాంచాల మీద పని చేస్తాడు, తల్లి బీడీలు చుడుతుంది. వారి పేర్లు వ్రాయను గాని, ఇతర కుటుంబాలకు మేలు కలుగుతుందని వారే ఒప్పుకున్నందున వారి సంగతి వ్రాస్తున్నాను.

హనీమూన్ అనే ఇంగ్లీషు మాట ఈనాడు మన పల్లెల్లో కూడా వినబడుతున్నది. ఆ మాట 16వ శతాబ్దం నుండే ఉన్నది. మొదట దాని అర్థం ప్రయాణం కాదు, పెండ్లయిన తొలి నెలలోని తీపి అని మాత్రమే. ఊరు విడిచి తిరిగి రావడం అనే అర్థం చాలా కాలం తరువాత వచ్చింది. మరి విశ్వాసుల ఇండ్లలో దీనిని గురించి ఏమనుకోవాలి?

ఇంట్లో గొడవ

వరుడి తల్లి మొదటనే అడ్డు చెప్పింది. "మేము ఏ సముద్రం చూసినం? మాకు పిల్లలు పుట్టలేదా?" అని అందరినీ నవ్వించింది గాని, ఆమె మనసులో బాధ ఉన్నది. రెండేండ్ల తరువాత కళ్ళబడిన కొడుకు, ఉన్న రెండు నెలల్లో ఐదు రోజులు ఎటో పోతాడట! సంఘ పెద్దలు కూడా ఇది పట్నం వారి ఆడంబరమన్నారు. నేను వారితోనే తల ఊపాను.

ఆ రాత్రి భోజనం దగ్గర ఈ సంగతి నా భార్యతో చెప్పాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ఇట్లా అన్నది: "మన పెండ్లయిన నాలుగో రోజే మీరు సువార్త కూటాలకు వెళ్ళి పది రోజులకు వచ్చారు. మీ ఇంట్లో నాకు ఎవరూ తెలియదు. మంచినీళ్ళు ఎవరినడగాలో కూడా తెలియదు. దానికి రూపాయి ఖర్చు కాలేదు. కాని ఆ పది రోజులు నేను ఎట్లా గడిపానో మీరెప్పుడూ అడగలేదు."

ఇరవై ఏండ్ల తరువాత వచ్చిన ఈ మాటకు నా యొద్ద జవాబు లేదు. నేను చేసినది దేవుని పనే అనుకున్నాను. కాని దేవుని వాక్యమే నన్ను తప్పుపట్టింది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం 5వ వచనం తీసి చూడండి. క్రొత్తగా పెండ్లి చేసుకున్నవాణ్ణి యుద్ధానికి పంపకూడదని, అతని మీద ఏ భారమూ పెట్టకూడదని, అతడు ఒక సంవత్సరం ఇంటి వద్దనే ఉండి భార్యను సంతోషపెట్టాలని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. శత్రువులు చుట్టూ ఉన్న జనాంగానికి ఈ ఆజ్ఞ ఇవ్వబడింది. సైన్యంలో ఒక మనిషి తక్కువైనా ఫరవాలేదు గాని, క్రొత్త పెండ్లికూతురు ఒంటరిగా ఉండరాదని దేవుడు తలంచాడు. పెండ్లిళ్ళలో ఎన్నో వాక్యాలు ప్రసంగించాను గాని, ఈ వచనం మీద నేను ఒక్కసారి కూడా ప్రసంగించలేదు.

రెండు ప్రశ్నలు

మరునాడు ఆ అబ్బాయిని పిలిచి రెండు ప్రశ్నలు అడిగాను. మొదటిది, "ఇది అప్పు చేసి పోతున్నావా?" "లేదు అయ్యగారూ. డీజే, పటాకులు వద్దన్నాను. ఆ పైసలకు నేను దాచుకున్నవి కలిపిన" అన్నాడు. రెండవది, "అమ్మాయిని అడిగావా?" అతడు తల దించుకున్నాడు. అడగలేదు! ఆమెకు ఆశ్చర్యం కలిగించాలనుకున్నాడట. అడుగు అని చెప్పి పంపాను. ఆమె చెప్పిన జవాబు ఇది: "నేను సముద్రం ఎన్నడూ చూడలేదు. చూడాలని ఉన్నది. అప్పయితే మాత్రం వద్దు."

మూడు ఆదివారాలు గుడిలో వివాహ ప్రకటన చదివాము. జనవరి మాసంలో పెండ్లి జరిగింది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వివాహం ఉదయం 6 గంటలకు, సాయంత్రం 7 గంటలకు మధ్యనే జరగాలి. ఊరేగింపు ఆలస్యమై కాపరి గడియారం చూసుకుంటూ నిలబడే పెండ్లిళ్ళు మనకు తెలుసు. ఈ పెండ్లిలో డీజే లేదు గనుక 11 గంటలకు ఆరాధన ఆరంభమైంది. ప్రమాణాలు, ఉంగరాలు, తాళి అయిన తరువాత వధూవరులు రిజిస్టరులో సంతకాలు చేశారు. సాక్షులలో ఒకరుగా అమ్మాయి తల్లి వేలిముద్ర వేసింది. బగార అన్నం, మాంసం కూరతో అందరూ తృప్తిగా భోంచేశారు. డీజే లేదని ఎవరూ ఆకలితో పోలేదు.

దీవిలో ఐదు దినాలు

జగిత్యాలలో టికెట్లు చేయించుకొని, హైదరాబాదు నుండి విమానంలో వెళ్ళారు. మనం చిన్నప్పుడు పోర్ట్ బ్లెయిర్ అని చదువుకున్న పట్టణానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. విశాఖపట్నం, చెన్నై, కలకత్తాల నుండి ఓడలు కూడా ఉన్నవి గాని దినాల తరబడి ప్రయాణం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. బజారులో తెలుగు విని అమ్మాయికి సగం బెంగ తీరిందట.

సెల్యులార్ జైలు చూశారు. 1906లో కట్టడం పూర్తయిన ఆ జైలులో ఒక్కొక్క ఖైదీని ఒక్కొక్క గదిలో ఒంటరిగా ఉంచేవారు. ఒంటరితనమే అక్కడి పెద్ద శిక్ష. అది చూసి అబ్బాయి చాలాసేపు మౌనంగా ఉన్నాడని అమ్మాయి చెప్పింది. తరువాత ఓడలో హేవ్‌లాక్ దీవికి వెళ్ళారు. 2018 నుండి దాని పేరు స్వరాజ్ ద్వీప్. రాధానగర్ అనే ఒడ్డున తెల్లని ఇసుక, వెనుక పెద్ద పెద్ద చెట్ల అడవి. తూర్పున బహు దూరంలో ఉన్నా అక్కడ కూడా మన గడియారమే గనుక, జనవరిలో అయిదున్నర కల్లా సూర్యుడు అస్తమిస్తాడు. ఇంట్లోనైతే అది నీళ్ళు పట్టుకునే వేళ, వంట వేళ. అక్కడ చేయవలసిన పని ఏమీ లేదు. ఇద్దరూ ఇసుకలో కూర్చున్నారు.

అప్పుడు ఆమె అడిగింది: "మీకు అప్పు ఎంత ఉన్నది?"

అతడు మొదట దాటవేయబోయాడు. తరువాత అంతా చెప్పాడు. మొదటిసారి వీసాకు తెచ్చిన అప్పు, చెల్లె పెండ్లికి తెచ్చిన అప్పు, వడ్డీ, అన్నీ. సంబంధం మాట్లాడేటప్పుడు ఈ సంగతులు దాచారు. ఆమె ఆ రాత్రి ఏడ్చింది. తెల్లవారి ఒక కాగితం తీసుకొని ఇద్దరూ లెక్క వ్రాశారు. ఆమెకు కుట్టుపని వచ్చు. ఇంత నీవు పంపు, ఇంత నేను కలుపుతాను, ఇన్ని నెలల్లో తీరుద్దాం, ఆ తరువాత నీవు ఇంటికి వచ్చెయ్యి అని తీర్మానించుకున్నారు.

తిరిగి వచ్చే ముందు పట్టణానికి ఎదురుగా ఉన్న రాస్ దీవికి పడవలో వెళ్ళారు. ఒకప్పుడు ఇంగ్లీషు వారి పరిపాలన అక్కడ నుండే జరిగేది. 1941 భూకంపం, 1942లో జపాను వారి ఆక్రమణ తరువాత అది నిర్మానుష్యమైంది. అక్కడ పాడుబడిన ఒక గుడి ఉన్నది. కప్పు లేదు, గోడలను చెట్ల వేళ్ళు చుట్టుకున్నవి. ఆ గోడల మధ్య నిలబడి ఇద్దరూ కలిసి మొదటిసారి పైకి ప్రార్థన చేశారు.

"అమ్మగారూ, ఆ మాట మా ఇంట్లో అడగలేకపోయేదాన్ని. రెండు అర్రలు, ఏడుగురు మనుషులం" అని ఆ అమ్మాయి నా భార్యతో చెప్పింది.

మార్చిలో అబ్బాయి బహ్రెయిన్‌కు వెళ్ళిపోయాడు. శంషాబాద్ విమానాశ్రయంలో ఆమె ఏడ్చింది గాని, భర్త ఎందుకు పోతున్నాడో, ఎప్పటికి వస్తాడో ఆమెకు తెలుసు. బహ్రెయిన్‌లో శుక్రవారం సెలవు గనుక అతడు ఆ రోజున ఆరాధనకు పోతాడు. ఆమె ఆదివారం మా గుడికి వస్తుంది. ఆ రెండు దినాలు తప్పక ఫోనులో కలిసి ప్రార్థన చేసుకుంటారు. కాగితం మీది లెక్క నెలనెలా తగ్గుతున్నది.

మనమేమి చేయగలము?

ప్రియులారా, అందరూ అండమాన్ పోవాలని నేను చెప్పడం లేదు. ఇస్సాకు రిబ్కాను దూరదేశం తీసుకుపోలేదు, తన తల్లి గుడారంలోనికి తీసుకుపోయాడు, ఆమెను ప్రేమించాడు (ఆదికాండము 24:67). వారికంటూ ఒక గుడారం ఉన్నది. మన పిల్లలకు అదే కావాలి.

తల్లిదండ్రులారా, ఇల్లు చిన్నదైనా కొన్నాళ్ళు ఒక అర్ర వారికి విడిచిపెట్టండి. కోడలిని మొదటి వారంలోనే పొయ్యి దగ్గర పరీక్షించకండి.

యువకులారా, గోపురం కట్టగోరినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పాడు (లూకా 14:28). అప్పు చేసి సముద్రం చూడకండి. ఉన్న అప్పును పెండ్లికి ముందే చెప్పండి. గల్ఫ్‌లో ఉన్నవారు సెలవు మరొక నెల దొరికితే, ఆ నెల జీతం పోయినా ఉండి వెళ్ళండి.

దూరం పోలేనివారు మెదకు వెళ్ళండి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన ఆ మహాదేవాలయం సిరిసిల్ల నుండి ఒక పూట బస్సు ప్రయాణం. ఆ చెట్ల నీడన సద్ది విప్పుకొని మాట్లాడుకున్నా చాలు.

సంఘ పెద్దలారా, క్రొత్త పెండ్లికొడుకును మొదటి సంవత్సరం ఏ కమిటీలోను వేయకండి. ఈ మాట నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఇక నా సంగతి. మొన్న వేసవిలో నా భార్యను వెంటబెట్టుకొని మెదకుకు వెళ్ళాను. కూటాలు లేవు, ప్రసంగం లేదు. ఆ పది రోజులు ఎట్లా గడిపావని అడిగాను. ఆమె సాయంత్రం వరకు చెప్పింది, నేను విన్నాను.

ప్రభువు మన ఇండ్లలోని నూతన దంపతులను దీవించి, వారికి ఏకాంతమును, సమాధానమును దయచేయును గాక! ఆమెన్.