అరిగిన పార్ట్‌కి త్రీడీ ప్రింటింగ్‌తో రిపేర్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ దండగ?

మన నిజాంపేట సైడ్ వరి కోతలప్పుడు కోత మిషన్ ఆగిపోతే ఎంత టెన్షనో మీకు తెలుసు. షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే చోట అర మిల్లీమీటర్ అరిగినా బేరింగ్ లూజైపోతుంది. మిగతా షాఫ్ట్ అంతా బాగానే ఉంటుంది. మరి అర మిల్లీమీటర్ కోసం మొత్తం పారేయాలా?

అక్కర్లేదు. మన దగ్గర వెల్డింగ్‌తో ఆ చోటు నింపి, లేత్ మీద మళ్లీ సైజుకి తెస్తారు. ఐడియా కరెక్టే, ప్రాబ్లం వేడితోనే. ఆర్క్ వెల్డింగ్ వేడి చుట్టుపక్కలకి పాకుతుంది. షాఫ్ట్ వంగొచ్చు, క్రాక్ రావొచ్చు.

ఇదే పనిని ఇంకా కంట్రోల్‌గా చేసేది డైరెక్టెడ్ ఎనర్జీ డిపాజిషన్, షార్ట్‌గా డీఈడీ. లేజర్ పార్ట్ మీద చిన్న చుక్కంత చోటు కరిగిస్తుంది. నాజిల్ నుంచి ఆర్గాన్ గ్యాస్‌తో మెటల్ పౌడర్ సరిగ్గా అక్కడే పడి కరుగుతుంది. లేజర్ ముందుకు జరగగానే గట్టిపడుతుంది. ఇలా గీత పక్కన గీత, పొర మీద పొర. వేడి తక్కువ చోటే ఉంటుంది కాబట్టి పార్ట్ వంగే ఛాన్స్ తగ్గుతుంది.

ఇది ఫారిన్‌లో మాత్రమే ఉందనుకోకండి. హైదరాబాద్ బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ రీసెర్చ్ సంస్థ ఉంది. అక్కడ లేజర్ క్లాడింగ్ పేరుతో ఈ తరహా రిపేర్ మీద పని చేస్తున్నారు. విమాన ఇంజిన్లలో వాడే నికెల్ సూపర్ అల్లాయ్ పార్ట్స్ కూడా అందులో ఉన్నాయి.

అయితే ఇది మ్యాజిక్ కాదు. పాత క్రాక్‌ని ముందు పూర్తిగా గ్రైండ్ చేసి తీసేయాలి. పైన మెటల్ పోసి కప్పేస్తే లోపల క్రాక్ అలాగే ఉంటుంది. పౌడర్ పాత మెటల్‌కి సెట్ అవ్వాలి. క్యాస్ట్ ఐరన్‌లో కార్బన్ ఎక్కువ, అందుకే అది ఈజీగా పగులుతుంది. ఆఖర్లో మెషీనింగ్, టెస్టింగ్ తప్పనిసరి.

మరి మన షాఫ్ట్ సంగతి? కొత్తది తక్కువ రేటుకి, రేపే దొరికితే కొత్తదే కొనండి, లేదా మంచి లేత్ షాపుకి ఇవ్వండి. టర్బైన్ బ్లేడ్, పెద్ద డై లాంటివి వేరే లెక్క. కొత్తది ఖరీదు, రావడానికి నెలలు పట్టొచ్చు. డీఈడీ గిట్టుబాటయ్యేది అక్కడే.

ఏ రిపేర్‌కైనా మూడు అడగండి: ఇది ఏ మెటల్? పాత క్రాక్ పూర్తిగా తీశారా? చేశాక టెస్ట్ చేశారా? ముఖ్యంగా బ్రేక్, స్టీరింగ్ పార్ట్స్ అయితే పైన మెరుపు చూసి ఓకే అనకండి. మీ ఊళ్లో ఏ పార్ట్ ఎక్కువగా అరుగుతుందో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!