లాగే బలం, ఆపే బలం



హొసూరు, కృష్ణగిరి ప్రాంతాల శ్రోతలు 2019లో ఒక వింతను కళ్ళారా చూసి ఉంటారు. తమిళనాడులో తిరువణ్ణామలై జిల్లా వందవాసి దగ్గర కొరకోట్టై అనే ఊరు ఉంది. అక్కడి కొండరాతిలో తొలిచిన విష్ణు విగ్రహాన్ని 240 చక్రాల ట్రైలరు మీద బెంగళూరు ఈజిపురలోని కోదండరామస్వామి ఆలయానికి తీసుకువచ్చారు. 2018 చివరలో బయలుదేరిన ఆ బండి బెంగళూరు చేరడానికి నెలల తరబడి పట్టింది. దారిలో టైర్లు పగిలాయి. ఇరుకు వీధుల్లో ఆగింది. హొసూరు దగ్గర దక్షిణ పినాకిని దాటడానికి తాత్కాలికంగా మట్టిదారి వేయవలసి వచ్చింది.

ఇందులో మనకు పనికివచ్చే లెక్క ఒకటుంది. ఆ రాయి బరువు 300 టన్నులనే అనుకుందాం. 240 చక్రాలకు పంచితే ఒక్కొక్క చక్రానికి వచ్చేది 1,250 కిలోలు. నిండు లోడుతో వెళ్ళే ఆరు చక్రాల లారీలో వెనుక టైరు ఒక్కొక్కటీ సుమారు రెండున్నర టన్నులు మోస్తుంది. అంటే ట్రైలరు సొంత బరువు కలుపుకున్నా, ఆ మహాశిల ఒక్కో టైరు మీద మోపిన భారం మామూలు లారీ కంటే తక్కువే అన్నమాట. లాగడానికి ఇంజన్లు దొరికాయి. కష్టమంతా మలుపుల దగ్గర, వంతెనల దగ్గర, ఆగవలసిన చోట వచ్చింది.

మనం రోజూ చూసే చిన్న బండ్లకూ ఇదే వర్తిస్తుంది. బెంగళూరు వీధుల్లో పికప్ వెనుక జనరేటరు తగిలించుకుని పోతుంటారు, కాంక్రీటు మిక్సరు తగిలించుకుని పోతుంటారు. మన పల్లెల్లో ట్రాక్టరు వెనుక చెరుకు ట్రాలీ, రాళ్ళ ట్రాలీ. అమెరికాలో ఉన్న మన పిల్లలైతే సెలవుల్లో పికప్ వెనుక ఏకంగా ఒక చక్రాల ఇంటినే తగిలించుకుని వందల మైళ్ళు తిరిగి వస్తున్నారు. పడకలు, వంటగది, స్నానాలగది అన్నీ అందులోనే. బండి ఏదైనా సరే, కొనేటప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే. “ఇది ఎంత బరువు లాగుతుంది?” అడగవలసిన ప్రశ్నలు ఇంకా మూడు ఉన్నాయి. ఆ బరువు ఎక్కడ మోపుతున్నాం? ఎలా ఆపుతాం? చీకట్లో మనం ఎవరికైనా కనబడుతున్నామా? ఈ మూడింటినీ వరుసగా చూద్దాం.

మొదటిది, బరువు మోపే తీరు. ఇది మన తాతలకు బాగా తెలిసిన విద్య. ఎద్దులబండిలో మూటలన్నీ ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడలను అణిచేస్తుంది. అన్నీ వెనక్కు వేస్తే కాడి పైకి లేచి, మెడ కింద తాడు బిగుసుకుపోతుంది. అందుకే ఇరుసుకు కాస్త ముందుకు బరువు ఉండేలా సర్దేవారు. ఇక్కడ రెండు భాషలవాళ్ళకు ఒక చిన్న ముచ్చట. తెలుగులో నొగ అంటే బండికీ కాడికీ మధ్య ఉండే దూలం. కన్నడంలో నొగ అంటే కాడే. బడిలో ఈ మాట వచ్చినప్పుడల్లా పిల్లలు తికమకపడతారు. మాట ఏదైనా, బరువు లెక్క మాత్రం ఒకటే.

ట్రైలరుకు ముందు ఉండే ఇనుపదూలమే దాని నొగ. అది పికప్ హుక్కు మీద కొంత బరువు మోపాలి. ఇంటిలాంటి ట్రైలర్ల విషయంలో అమెరికాలో పాటించే లెక్క ఏమిటంటే, ట్రైలరు మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు హుక్కు మీద ఉండాలి. అంతకు తక్కువైతే ట్రైలరు వెనుక భాగం చేపతోకలాగా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. మరీ ఎక్కువైతే పికప్ వెనుక భాగం కుంగి ముందు చక్రాలు తేలికపడతాయి. తేలికపడిన చక్రాలకు స్టీరింగు సరిగా లొంగదు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. పలక తీసుకోనక్కరలేదు, నోటితోనే చేయవచ్చు. ఒక పికప్ 4,000 కిలోల ట్రైలరును లాగగలదని కంపెనీ కాగితంలో రాసి ఉందనుకోండి. అదే కాగితంలో, చిన్న అక్షరాల్లో, ఆ పికప్ తన వీపు మీద 700 కిలోలు మోయగలదని కూడా ఉంటుంది. మీరు తగిలించింది 3,000 కిలోల ట్రైలరు. ఇంకా వెయ్యి కిలోల వెసులుబాటు ఉంది కదా అనిపిస్తుంది. కాని హుక్కు మీద నూటికి 12 వంతులు మోపితే 360 కిలోలు అయ్యాయి. ఆ బరువు పికప్ వీపు మీదనే పడుతుంది. మిగిలింది 340. డ్రైవరుతో కలిపి అయిదుగురు మనుషులు, మనిషికి 65 కిలోల చొప్పున 325. ఇక మిగిలింది 15 కిలోలు. పెట్టెలు, మంచినీళ్ళ డబ్బాలు, స్టెప్నీ, పనిముట్లు ఎక్కడ పెడతాం? లాగే లెక్కలో బండి గెలిచింది, మోసే లెక్కలో ఓడిపోయింది. దూరప్రయాణాల్లో వెనుక టైర్లు వేడెక్కి పగలడానికి ఇలా మించిన బరువు ఒక ముఖ్యకారణం.

హుక్కు మీద బరువు ఎంతో ఎలా తెలుసుకోవాలి? దీనికి మన రోడ్ల పక్కన ఉండే వేబ్రిడ్జి చాలు. ట్రైలరు విప్పి, పికప్‌ను ఒక్కదాన్నే తూకం వేయించండి. తరువాత ట్రైలరు తగిలించి, పికప్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా, ట్రైలరు చక్రాలు కిందనే ఉండేలా నిలిపి మళ్ళీ తూకం వేయించండి. రెండు తూకాలకూ తేడాయే హుక్కు మీద బరువు. కాస్త ఖర్చు, పావుగంట సమయం. ట్రాక్టరు ట్రాలీకి కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది.

ఇక రెండవది, ఆపడం. అసలు ప్రమాదం ఇక్కడే. పికప్ రెండు టన్నులు, ట్రైలరు రెండు టన్నులు అనుకుందాం. ట్రైలరుకు సొంత బ్రేకులు లేకపోతే, ఒక బండికోసం చేసిన బ్రేకులు రెండు బండ్లను ఆపవలసి వస్తుంది. పైగా ముందుబండి ఆగుతుంటే వెనుకబండి దాన్ని నెడుతుంది. అప్పుడు తిన్నగా లేకపోతే రెండూ మోచేయిలా మడతపడతాయి. వేగం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగాన్ని 80 చేస్తే, ఆపవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చిత్తూరు 300 మీటర్ల పైచిలుకు. కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా చిత్తూరు వెళ్ళే బండి ఈ ఎత్తంతా ఎక్కడో ఒకచోట దిగవలసిందే. ఎక్కువ భాగం పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో దిగుతుంది. 20 అడుగుల దూరానికి ఒక అడుగు దిగే వాలులో, మూడు టన్నుల ట్రైలరు ముందుబండిని 150 కిలోల బలంతో నెడుతూనే ఉంటుంది. నాలుగు టన్నుల బండి 200 మీటర్ల ఎత్తునుంచి కేవలం బ్రేకుల మీద దిగిందంటే, ఆ బ్రేకుల్లో పుట్టే వేడి సుమారు 25 లీటర్ల నీళ్ళను, అంటే రెండు బిందెల నీళ్ళను మరిగించడానికి సరిపోతుంది. ఆ వేడంతా చిన్న చక్రం లోపల ఉన్న బ్రేకు షూల మీద పడితే అవి పట్టు విడుస్తాయి. పెడలు తొక్కుతూనే ఉంటాం, బండి ఆగదు.

అందుకే పాత లారీ డ్రైవర్లు ఒక మాట చెబుతారు. ఏ గేరులో ఎక్కవలసిన కొండను ఆ గేరులోనే దిగాలి. వాలు మొదలుకాకముందే గేరు తగ్గించాలి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం చాలామందికి అలవాటు. వెనుక ట్రైలరు ఉన్నప్పుడు ఆ అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది. మిగిలే డీజిలు టీ ఖర్చుకు కూడా రాదు.

హైవే మీద పెద్ద బస్సు పక్కనుంచి దూసుకుపోయినప్పుడు, ఎత్తయిన ట్రైలరు గాలి తోపుడుకు ఊగవచ్చు. అప్పుడు భయపడి గట్టిగా బ్రేకు వేయకూడదు. ఊగే దిశకు ఎదురుగా స్టీరింగు తిప్పకూడదు. స్టీరింగును తిన్నగా, గట్టిగా పట్టుకుని యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీయాలి. ట్రైలరుకు వేరుగా బ్రేకు ఉంటే దాన్ని మాత్రమే మెల్లగా వేయాలి. వెనుకబండి సాగదీసినట్టై వరుసలోకి వస్తుంది. ఆ తరువాత పక్కకు ఆపి బరువు సర్దుకోవాలి.

రైతు సోదరులకు ప్రత్యేకంగా రెండు మాటలు. ట్రాక్టరుకు ఎడమ, కుడి చక్రాలకు విడివిడిగా బ్రేకు పెడళ్ళు ఉంటాయి. పొలంలో మలుపు తిప్పడానికి అది సౌకర్యం. రోడ్డెక్కేముందు ఆ రెండు పెడళ్ళనూ కొక్కెంతో కలిపి తీరాలి. కలపకుండా వేగంలో ఒక్క పెడలు తొక్కితే ట్రాక్టరు గిర్రున తిరుగుతుంది. రెండవది, ట్రాలీని కింద ఉన్న డ్రాబారుకే తగిలించాలి. పైన ఎక్కడో తగిలించి బరువు లాగిస్తే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కు తిరగబడుతుంది.

మూడవది, కనబడడం. రాత్రిపూట చెరుకు ట్రాలీ పంక్చరై రోడ్డు మీదనే నిలిచిపోతుంది. వెనుక దీపం ఉండదు, ఎర్ర రిఫ్లెక్టరు ఉండదు. ఆగిన బండి అని వెనుకనుంచి మోటారు సైకిలు మీద వచ్చే కుర్రవాడికి తెలిసేసరికి దూరం మిగలదు. అతని తప్పు ఏముంది చెప్పండి? ట్రాలీ వెనుక రిఫ్లెక్టరు స్టిక్కర్లు అతికించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. బండి ఆగిపోతే వెనుక చాలా దూరంలో గుర్తు పెట్టాలి. రాళ్ళు పేర్చి, పని అయ్యాక ఆ రాళ్ళను అక్కడే వదిలిపోవడం ఇంకో ప్రమాదానికి పునాది వేయడమే.

ఇంకొక మనవి. పెళ్ళికనో జాతరకనో ఊరంతా ఒకే ట్రాలీలో ఎక్కి వెళ్ళడం మన సరిహద్దు జిల్లాల్లో ఇంకా చూస్తున్నాం. మూటలు కదలవు, మనుషులు కదులుతారు. అందరూ ఒక పక్కకు ఒరిగితే, మలుపులో ట్రాలీ కూడా ఒరుగుతుంది. అది సరుకుకోసం చేసిన బండి. జరగరానిది జరిగితే బీమా సొమ్ము దగ్గర కూడా ఆ కుటుంబాలకు పెద్ద చిక్కు వస్తుంది. పెద్దలు ఒకసారి ఆలోచించండి. ఆ ఒక్కరోజుకు బస్సు మాట్లాడుకోండి.

బయలుదేరేముందు బండి చుట్టూ ఒకసారి నడిచి చూడండి. హుక్కు పిన్ను పడిందా, దానికి చీలపిన్ను ఉందా? కొక్కెం ఊడినా ట్రైలరు నొగ రోడ్డుమీద పొడుచుకోకుండా, కింద రెండు గొలుసులు అడ్డంగా ఒకదానిమీద ఒకటి వేశారా? టైర్లు చల్లగా ఉండగానే గాలి చూశారా? వెనుక దీపాలు వెలుగుతున్నాయా? యాభై కిలోమీటర్లు వెళ్ళాక ఆగి, చక్రాల మధ్యభాగం దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. తాకకుండానే సెగ తగిలితే అక్కడ బేరింగో బ్రేకో పట్టుకుంటున్నదని అర్థం. చల్లారనిచ్చి, మెకానిక్కుకు చూపించాకే కదలండి.

ఇంజను ఎంత బలమైనదో కొన్నరోజునే తెలుస్తుంది. సరిగా ఆగుతుందో లేదో ఘాట్ దిగువన తెలుసుకోవలసిన సంగతి కాదు. ఇంటి ముందు, చదునైన చోట, తక్కువ వేగంలో ముందే ఒకసారి ఆపి చూసుకోండి. మీ వెనుక వచ్చే బరువు మీది. ఆ రోడ్డు మీద నడిచేవాళ్ళు కూడా మనవాళ్ళే.